టీవీలో వడ్రంగం, ఊళ్లో వడ్రంగం

ఊయల నుంచి పాడె దాకా మనిషి బతుకు కొయ్యతోనే గడుస్తుందని మన పెద్దలు చెప్తారు. ఇంటికి వాకిలి, తలుపు, దూలం కావాలి. పొలానికి మడక, కాడి, గుంటక కావాలి. వంటింటికి పీట, కవ్వం, రోకలి కావాలి. ఇవన్నీ చేసి ఇచ్చేది వడ్రంగి. అయినా మన చరిత్ర పుస్తకాల్లో రాజులకు, యుద్ధాలకు ఉన్నంత చోటు వడ్రంగం పనికి లేదు.

ఈ మధ్య మా తరగతిలో ఒక చర్చ జరిగింది. టీవీలో చెక్కపని చూపించే కార్యక్రమాలు వస్తుంటాయి కదా, వాటిని చూసి పని నేర్చుకోవచ్చా? సగం మంది నేర్చుకోవచ్చు అన్నారు. మిగిలిన సగం మంది అది ఉత్త కాలక్షేపం అన్నారు. ఈ మాటకు జవాబు చెప్పాలంటే ముందు చరిత్రలోకి వెళ్లాలి. మన ఊళ్లో ఈ పని ఎట్లా సాగింది, టీవీలోకి ఎట్లా వచ్చింది, టీవీ దేన్ని చూపించి దేన్ని వదిలేసింది, ఇవన్నీ చూశాకే నా అభిప్రాయం చెప్తాను.

రాయి నిలిచింది, కొయ్య నిలవలేదు

మా ఊరు కురుడుమలె. కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో ఉంది. ముందు దీని పేరు కూడుమలె అని, దేవతలు కూడిన కొండ కాబట్టి ఆ పేరు వచ్చిందని ఇక్కడ చెప్పుకుంటారు. ఒకే రాతిలో మలిచిన పెద్ద వినాయకుడి విగ్రహం చూడడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. పక్కనే చోళుల కాలం నాటిదని చెప్పే సోమేశ్వరాలయం ఉంది. ఆ గుడిలో ఒక సగం జక్కణాచారి చేశాడని, ఇంకో సగం ఆయన కొడుకు డంకణ చేశాడని కథ. కొడుకు చేసిన వైపు పని ఇంకా నాజూగ్గా ఉంటుందని చూపిస్తారు కూడా. ఇది ఐతిహ్యమే, శాసనంలో ఉన్న మాట కాదు. కానీ అందులో ఒక నిజం ఉంది. పని తండ్రి దగ్గర నుంచి కొడుక్కి, పక్కన కూర్చుని చూడడం వల్లే వచ్చింది. ఆ కాలంలో అదే బడి, అదే పుస్తకం.

ఇంకో సంగతి గమనించాలి. మన దేశంలో రాతి గుళ్లకంటే ముందు కొయ్య కట్టడాలు ఉండేవి. మహారాష్ట్రలోని కార్లా, భాజా గుహల్ని సుమారు 2000 ఏళ్ల కిందట కొండలో తొలిచారు. రాతి కప్పుకు ఊతం అక్కర్లేకపోయినా అక్కడ కొయ్య వాసాలు పెట్టారు, ఎందుకంటే అప్పటిదాకా కళ్లకు అలవాటైన కట్టడం కొయ్యదే. అంటే రాతిపనికి కొయ్యపని అన్నలాంటిది. అయితే రాయి నిలిచింది, కొయ్య చెదలు పట్టి, కాలిపోయి, పుచ్చిపోయి పోయింది. అందుకే శిల్పి పేరు చెప్పడానికి కథలైనా మిగిలాయి, అదే గుడికి తలుపు చేసిన వడ్రంగి గురించి కథ కూడా మిగల్లేదు.

విజయనగర కాలంలో మన వైపు ఊళ్లలో ఆయగాళ్ల పద్ధతి ఉండేది. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి లాంటి పనివాళ్లకు రైతులు కోతల కాలంలో కల్లం దగ్గరే ధాన్యంలో పాలు ఇచ్చేవాళ్లు. దానికి బదులుగా వడ్రంగి ఏడాది పొడుగునా మడక సరిచేయాలి, కాడి మార్చాలి, బండి చక్రం బాగు చేయాలి. ఇక్కడ ఒక మంచి విషయం ఉంది. చేసిన వస్తువు విరిగితే మళ్లీ బాగు చేయాల్సింది ఆ వడ్రంగే. కాబట్టి నాసిరకం పని చేస్తే నష్టం ఆయనకే.

బండి చక్రం సంగతి చూడండి. మధ్యలో కుండ, దానిలో దిగిన ఆకులు, చుట్టూ వంపు చెక్కలు. వీటిని పట్టి ఉంచేది జిగురు కాదు. ఒక చెక్క కొసను నాలుకలాగా సన్నగా చెక్కి ఇంకో చెక్కలోని బెజ్జంలోకి దిగ్గొడతారు. చివర్లో చక్రం కంటే కొంచెం చిన్న ఇనుప పట్టాను ఎర్రగా కాలుస్తారు. వేడికి పట్టా సాగుతుంది. అప్పుడు చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే అది ముడుచుకుని అన్ని అతుకుల్నీ ఒక్కసారిగా బిగించేస్తుంది. మనం సైన్సు పుస్తకంలో చదివే లోహాల వ్యాకోచం ఇదే. ఆ పుస్తకం రాకముందే ఊళ్లో కమ్మరికీ వడ్రంగికీ ఇది తెలుసు.

1959లో వచ్చిన రెండు కొత్తలు

మన జిల్లాకు యంత్రం ఆలస్యంగా ఏమీ రాలేదు. 1902లోనే శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల తీగ లాగి కోలారు బంగారు గనులకు కరెంటు ఇచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది దాని తర్వాతే. కానీ ఆ కరెంటు గనులకోసం. చుట్టుపక్కల ఊళ్ల వడ్రంగులు ఇంకా ఎన్నో ఏళ్లు బాడిస, ఉలి, రంపం, చిత్రికలతోనే పని చేశారు.

1959లో మన దేశంలో రెండు కొత్తలు మొదలయ్యాయి. సెప్టెంబరు 15న ఢిల్లీలో టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. అదే ఏడాది ఫెవికాల్ అనే తెల్ల జిగురు బజారుకు వచ్చింది. అంతకుముందు వడ్రంగులు జంతువుల తోలు, ఎముకలతో చేసిన జిగురును పొయ్యి మీద కాచి వాడేవాళ్లు. దాని వాసన, దాన్ని వేడిగా ఉంచే కష్టం కొత్త జిగురుతో తప్పాయి. ఈ రెండు కొత్తలూ తర్వాత కలిశాయి. మన టీవీలో వడ్రంగి జనానికి ఎక్కువగా కనిపించింది జిగురు ప్రకటనల్లోనే. ఆ ప్రకటనలు బాగా నవ్విస్తాయి. కానీ అవి జిగురు అమ్మడానికి తీసినవి, పని నేర్పడానికి కాదు.

అట్లా అని మన టీవీకి నేర్పడం చేతకాదు అనలేం. 1967 జనవరి 26న కృషి దర్శన్ మొదలై రైతులకు కొత్త పద్ధతులు చూపించింది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లకు పాఠాలు పంపారు. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగులో, కర్ణాటకలో కన్నడంలో ఆ కార్యక్రమాలు వచ్చాయి. ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చుని సేద్యం గురించి, ఆరోగ్యం గురించి నేర్చుకున్నారు. సేద్యానికి దొరికిన ఆ చోటు మన టీవీలో వడ్రంగానికి దొరకలేదు.

ముగ్గురు టీవీ వడ్రంగులు

వడ్రంగానికి పెద్ద చోటు ఇచ్చింది బ్రిటన్, అమెరికా టీవీలు. వాళ్లలో ముగ్గురి గురించి తెలుసుకుంటే మన చర్చకు పనికొస్తుంది.

మొదటి వ్యక్తి బ్యారీ బక్‌నెల్. 1950ల్లో, 60ల్లో బీబీసీలో మీ ఇంటి పని మీరే చేసుకోండి అని నేర్పాడు. యుద్ధం అయిపోయిన తర్వాత కాలం అది. ఇళ్లు పాతబడ్డాయి, మనుషుల చేతిలో డబ్బు తక్కువ. కార్యక్రమం చాలాసార్లు నేరుగా ప్రసారమయ్యేది కాబట్టి ఆయన పని తప్పినా చూసేవాళ్లకు కనిపించేది. జనానికి ధైర్యం వచ్చింది. కానీ ఒక నష్టం కూడా జరిగింది. పాత చట్రం తలుపుల మీద నున్నటి గట్టి అట్ట పలకలు కొట్టి మూసేయడం ఆయన చూపించిన పద్ధతుల్లో ఒకటి. చూసినవాళ్లు ఇంటింటా మంచి తలుపుల్ని అట్లా కప్పేశారు. తర్వాతి తరం వాళ్లు ఆ పలకలు పీకి పాత తలుపుల్ని మళ్లీ బయటికి తీశారు. టీవీలో ఒక్కడు చేసింది లక్షల ఇళ్లలో జరుగుతుంది, మంచైనా చెడైనా. మంచి కూడా చెప్పాలి. అదే బక్‌నెల్ ఇంకొకరితో కలిసి ప్లైవుడ్‌తో ఇంట్లోనే చేసుకునే ఒక చిన్న తెరచాప పడవను రూపొందించాడు. మిర్రర్ అనే ఆ రకం పడవలు 70,000కు పైగా తయారయ్యాయి.

రెండో వ్యక్తి అమెరికాలోని నార్మ్ ఏబ్రమ్. ఆయన కార్యక్రమం ది న్యూ యాంకీ వర్క్‌షాప్ 1989 నుంచి 2009 దాకా నడిచింది. ఒక్కో భాగంలో ఒక బల్లో, బీరువానో, కుర్చీనో తయారయ్యేది. ముందు ఒక నమూనా చేసి పెట్టుకుని, తర్వాత కెమెరా ముందు ఇంకోటి చేసేవాడు. ప్రతిసారీ కళ్లద్దాలు పెట్టుకోండి, యంత్రాల జాగ్రత్తలు చదవండి అని చెప్పేవాడు. అది చాలా మంచి అలవాటు. ఆయన మీద వచ్చిన విమర్శ ఏమిటంటే, అన్ని యంత్రాలు ఎవరింట్లో ఉంటాయని. చెక్కను నున్నగా చేసే ఆయన యంత్రం ఒక చిన్న కార్ఖానాలో ఉండాల్సింది. ఇంకా, జిగురు పూసి గాలి తుపాకీతో సన్న మేకులు కొట్టడం ఎక్కువని కూడా పాత పద్ధతివాళ్లు అన్నారు.

మూడో వ్యక్తి రాయ్ అండర్‌హిల్. ఈయనది కూడా అమెరికానే. ది వుడ్‌రైట్స్ షాప్ అనే ఆయన కార్యక్రమం 1979లో మొదలై 2017 దాకా సాగింది. కరెంటు యంత్రం ముట్టుకోడు. గొడ్డలి, రంపం, ఉలి, కాలితో తొక్కి తిప్పే మర, అంతే. మధ్యలో ఆపకుండా ఒకే ఊపులో చిత్రీకరించేవాళ్లు. అందుకే ఆయన రొప్పడం, చెమట పట్టడం, అప్పుడప్పుడు వేలు తెగడం కూడా తెర మీద కనిపిస్తాయి. కొందరు దీన్ని చూసి ఇది పాత కాలం ముచ్చట, దీంతో కడుపు నిండదు అన్నారు. ఇంకొందరు చేతి పనిముట్లు మళ్లీ పట్టుకున్నది ఆయన వల్లే.

రెండు జట్లూ చెప్పేది

మా తరగతిలో టీవీ మంచిదే అన్నవాళ్ల మాటల్లో బలం ఉంది. వడ్రంగి ఇంట్లో పుట్టనివాళ్లకు ఈ పని ఒకప్పుడు మూసిన తలుపు. ఆడపిల్లలకైతే ఇంకా గట్టిగా మూసిన తలుపు. టీవీ కులం అడగదు, ఆడా మగా అడగదు. చూసే ఎవరికైనా చూపిస్తుంది. ఇది చిన్న విషయం కాదు. కొలతలు, గీతలు, జాగ్రత్తలు వరసగా చెప్పడం కూడా టీవీ వల్ల వచ్చిన మంచే.

వద్దు అన్నవాళ్లు చెప్పింది కూడా నిజమే. అరగంటలో బీరువా అయిపోతుంది. అసలు పనికి పట్టేది వారాలు. కోత కోసి అతికిన తెరను చూస్తే పని సులభం అనిపిస్తుంది, పనివాడు ఎక్కువ డబ్బు అడుగుతున్నాడు అనిపిస్తుంది. ఇంట్లో బేరం ఆడేటప్పుడు ఆ ఫలితం వడ్రంగి కూలి మీద పడుతుంది.

ఈ చర్చ తర్వాత మా వైపు పనిచేసే ఒక పెద్ద వడ్రంగికి ఫోన్లో అట్లాంటి ఒక కార్యక్రమం చూపించాను. ఆయన ఆసక్తిగా చూశాడు. యంత్రం ఎంత నున్నగా కోస్తుందో చూసి మెచ్చుకున్నాడు. తర్వాత ఆయన అడిగినవి మూడే. ఆ మాను ఎక్కడిది? ఎన్నాళ్లు ఎండింది? విరిగితే ఎట్ల విప్పుతారు? ఆ మూడింటికీ ఆ కార్యక్రమంలో జవాబు లేదు.

ఆ మూడు ప్రశ్నల వెనక శాస్త్రం ఉంది. కొయ్య చచ్చిన వస్తువు అనుకుంటాం కానీ గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. నిలువునా దాదాపు మారదు, అడ్డంగానే ఎక్కువ మారుతుంది. వానాకాలంలో తలుపు బిగుసుకుపోయేది, ఎండాకాలంలో పలక పగిలేది ఇందుకే. మన కోలారు గాలి ఎక్కువ నెలలు పొడిగానే ఉంటుంది. పచ్చి మానుతో బల్ల చేస్తే వేసవి వచ్చేసరికి అతుకులు విడిపోతాయి. అందుకే పాతకాలంలో కోసిన దుంగల్ని కొన్నాళ్లు చెరువు నీళ్లలో నానబెట్టి, తర్వాత నీడలో ఆరబెట్టేవాళ్లు. నీళ్లలో నానితే చెట్టు పస కారిపోయి పురుగు తక్కువ పడుతుంది.

పాత తలుపులో చట్రం మధ్య పలకను జిగురుతో అంటించరు. చట్రానికి గాడి తీసి అందులో వదులుగా కూర్చోబెడతారు. ఉబ్బినా ముడుచుకున్నా పలకకు కదిలే చోటు ఉంటుంది. బ్రిటన్‌లో అట్ట పలకల కింద కప్పేసింది ఇలాంటి తలుపుల్నే. చూసేవాళ్లకు అది పాత మోడల్ అనిపించింది. అది కొయ్య గుణం తెలిసి చేసిన పని అని ఎవరూ చెప్పలేదు.

మూడో ప్రశ్న బాగు చేయడం గురించి. నాలుక, బెజ్జం వేసి చెక్క మేకు దిగ్గొట్టిన కుర్చీని విప్పి, విరిగిన కాలు ఒక్కటీ మార్చవచ్చు. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకల బీరువాకు నీళ్లు తగిలితే ఉబ్బిపోతుంది, స్క్రూ ఊడితే మళ్లీ పట్టదు. అది చవక, తేలిక, తొందరగా ఇంటికి వస్తుంది. ఈ లాభాలు నిజమే. కానీ పదేళ్లలో రెండుసార్లు కొంటే చవక అనలేం. బ్రిటన్‌లో 2017లో ది రిపేర్ షాప్ అనే కార్యక్రమం మొదలైంది. అందులో కొత్తవి చేయరు. జనం తెచ్చిన పాత వస్తువుల్ని బాగు చేసి ఇస్తారు. దాన్ని అంతమంది ఇష్టంగా చూశారంటే, బాగు చేయడం అనే మాటను జనం మరిచిపోలేదని అర్థం.

వస్తువు కనిపిస్తే చాలదు

2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతో వచ్చింది. దేశమంతా టీవీలో చూసింది. మనకు గర్వంగానే ఉంటుంది. ఆ బొమ్మలు చేసేది అంకుడు కర్రతో. మన కర్ణాటకలో చన్నపట్టణ బొమ్మలు చేసే ఆలె మర కూడా అదే చెట్టు. భాష మారింది కానీ మాను మారలేదు, పద్ధతి కూడా దాదాపు ఒకటే. మర మీద తిరుగుతున్న కర్రకు రంగు లక్క ముక్కను ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. శకటం మీద బొమ్మ కనిపించింది. ఆ లక్క, ఆ ఆకు, ఆ చెయ్యి కనిపించలేదు.

ఇక నా అభిప్రాయం చెప్తాను. టీవీ చూసి వడ్రంగి కాలేం. ఉలి పట్టు, చిత్రిక నొక్కు చేతికి రావాలంటే పక్కన ఒకరు ఉండి సరిదిద్దాలి. డంకణ కథ చెప్పేది కూడా అదే. కానీ టీవీ వల్ల ఇంకో పెద్ద పని జరుగుతుంది. రాతిపనికి శాసనాలు ఉన్నాయి, గుళ్లు ఉన్నాయి. కొయ్యపనికి అట్లాంటి సాక్ష్యం మిగల్లేదు. కెమెరా ఆ సాక్ష్యం కాగలదు. అయితే ఒక షరతు ఉంది. పూర్తిగా చూపించాలి. మాను ఎన్నుకోవడం, ఎండబెట్టడం, తప్పు జరిగితే సరిచేయడం, చివరికి బాగు చేయడం, అన్నీ ఉండాలి. ఈ లెక్కన ముగ్గురిలో నాకు అండర్‌హిల్ పద్ధతి ఎక్కువ నచ్చింది. చేతి పనిముట్లు వాడాడని కాదు, కోయకుండా చూపించాడని. కూలికి పనిచేసే మన వడ్రంగి యంత్రం కొనుక్కుంటే దానిలో తప్పేమీ లేదు. ఆయన వెన్ను నొప్పి మనకు తెలియదు కదా.

ఇది ఇప్పుడే చేయాల్సిన పని. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. 100 ఏళ్లకు పైగా అక్కడ చేరిన పనితనం మనుషులతోపాటే నాలుగు దిక్కులకూ పోయింది. మన వడ్రంగం కూడా అదే దారిలో ఉంది. ఎద్దుల బళ్లు పోయాయి, మడకల చోట ట్రాక్టర్లు వచ్చాయి. పిల్లలు నరసాపుర ఫ్యాక్టరీలకు కంపెనీ బస్సుల్లో పోతున్నారు. అది తప్పు కాదు, నెల జీతం ఎవరికైనా కావాలి. కానీ పెద్దాయన తర్వాత ఆ బాడిస పట్టేవాళ్లు లేకపోతే ఆ పనితోపాటు దాని తెలుగు మాటలు కూడా పోతాయి. మనం తెలుగు మాధ్యమంలో చదువుకుంటున్నాం. మన మాటల్ని మనమే రాసి పెట్టుకోకపోతే ఎవరు పెడతారు?

తల్లిదండ్రులకు ఒక మాట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఉంది. మీకు తెలిసిన వడ్రంగులు ఉంటే ఈ సంగతి చెప్పండి.

తోటి విద్యార్థులకు ఇంకో మాట. మనలో చాలామంది ఇళ్లలో కెమెరా ఉన్న ఫోను ఉంది. వచ్చే సెలవుల్లో ఒక్కొక్కరం మన ఊరి వడ్రంగిని అడిగి, ఆయన సరే అంటేనే, ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా తీద్దాం. పీట అయినా చాలు, తలుపు బాగు చేయడమైనా చాలు. పనిముట్ల పేర్లు ఆయన నోటి మాటల్లోనే చెప్పమందాం. మన వైపు ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు ఉంటుంది, అన్నీ రాసుకుందాం. ఏ మాను, ఎన్నాళ్లు ఎండింది, విరిగితే ఎట్ల విప్పాలి అని ఆ మూడు ప్రశ్నలు తప్పకుండా అడుగుదాం. అవన్నీ మన బడి గ్రంథాలయంలో పెడితే, రేపు ఈ బడికి వచ్చే పిల్లలకు కొయ్యపని చరిత్ర చదవడానికి ఒక చోటు ఉంటుంది.